పాతబడిన గడ్డి నేలను గీకి బాగుచేయు విధానము

పైరుకు అంతరకృషి అవసరమని తెలియని రైతు లేడు. పత్తిలోగాని మొక్కజొన్నలోగాని వాన వెలిసి నేలపై పెచ్చు కట్టగానే, కలుపు అంతగా లేకపోయినను, గుంటుక తోలుదురు. పెచ్చు పగిలిన రెండు మూడు దినములకే పైరు తేరుకొనుట మనమందరము చూచినదే. కాని గడ్డి విషయమున ఈ ఆలోచన మనకు రాదు. గడ్డి తనంతట తానే మొలచును, తనంతట తానే పెరుగును అని తలచి, ఏండ్ల తరబడి దాని నేలను కదిలింపము. ఏటేట మేత తగ్గుచున్నపుడు వానను నిందింతుము.

సిద్దిపేట ప్రాంతములో ఇది చిన్న విషయము కాదు. గొల్ల, కురుమ సోదరులకు 75 శాతము రాయితీపై గొర్రెలను పంచు పథకము 2017 జూన్ 20న ఈ జిల్లాలోని కొండపాకలోనే ప్రారంభమైనది. ఒక్కొక్క లబ్ధిదారునకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చిరి. ఒక పెద్ద గొర్రెకు దినమునకు మూడు నాలుగు కిలోల పచ్చిమేత కావలెను. అనగా 21 జీవాల మందకు రోజుకు సుమారు 80 కిలోలు. ఇంకొక వైపు 2020లో రంగనాయకసాగర్, కొండపోచమ్మసాగర్ జలాశయములు, 2022లో మల్లన్నసాగర్ ప్రారంభమైనవి. నీరందిన చోట బీడు మడిగా మారుట సహజము, అది సంతోషింపదగినదే. అయితే మందకు మిగిలిన కంచె, బంచరాయి, గుట్ట వాలు ఎంత ఉన్నదో అంతటితోనే మేత సమకూడవలెను. మేత నేల విస్తీర్ణమును పెంచుట మన చేతిలో లేదు. ఉన్న నేలలో గడ్డిని పెంచుట మన చేతిలో కలదు. అందుకు తక్కువ ఖర్చుతో కూడిన పని గడ్డి నేలను గీకుట.

గడ్డి ఎందుకు వెనుకబడును?

గడ్డి నేలకు రెండు విధములైన జబ్బులు వచ్చును. రెంటికిని మందు ఒకటే అయినను, వాడు తీరు వేరు.

మొదటిది బీడులలో, కంచెలలో కనిపించు జబ్బు. మన చెల్క నేలలలో మన్ను రేణువులను పట్టి ఉంచు సేంద్రియ పదార్థము తక్కువ. వాన చినుకు బలముగా పడినపుడు మట్టి గడ్డ చిట్లి, సన్నని రేణువులు నేలలోని రంధ్రములను పూడ్చివేయును. ఎండ కాయగానే అది పెచ్చుగా గట్టిపడును. దానిపై వందలాది గిట్టలు తడినేలలో త్రొక్కినచో కల్లము వలె బిగుసుకొనును. అట్టి నేలలో వాన నీరు దిగదు, వేరు సాగదు, రాలిన గింజకు మన్ను దొరకదు.

దీని నష్టము ఎంతటిదో లెక్క వేసి చూడుడు. ఒక ఎకరముపై 25 మిల్లీమీటర్ల వాన కురిసినచో సుమారు లక్ష లీటర్ల నీరు పడినట్లు. అందులో మూడవ వంతు ఒర్రె పట్టి పోయినను 33 వేల లీటర్లు పోయినవి. అయిదు వేల లీటర్ల ట్యాంకరు లెక్కన ఇది ఆరు ట్యాంకర్లకు పైమాటే. ఒక్క వానకే ఇంత నీటిని మన గడ్డికి అందకుండ పోనిచ్చుచున్నాము.

రెండవది నీరు పెట్టి పెంచు పచ్చికలలో, అనగా ఇంటి ముందు, బడి ఆవరణలో, ఉద్యానవనములో, అమ్మకమునకు పెంచు పచ్చిక మడులలో కనిపించు జబ్బు. అచ్చట పశువు మేయదు. గరిక పాకుడు కాడలు ఒకదానిపై నొకటి అల్లుకొని, క్రింది కాడలు చచ్చి, చాప వలె పేరుకొనును. ఆకు త్వరగానే మురుగును, కాని కాడలు, వేళ్ళు, గణుపులు బిరుసుగా ఉండుటచేత మురుగుటకు ఏండ్లు పట్టును. ఈ చాప అర అంగుళము, అనగా సుమారు ఒక సెంటీమీటరు వరకు ఉండుట మంచిదే. ఎండ వేడిమి నుండి వేళ్ళను కాపాడును. అంతకు మించినచో నీటిని, ఎరువును తానే పట్టుకొని క్రిందికి పోనీయదు. వేళ్ళు మంటిలోనికి దిగక చాపలోనే తిరుగును. రెండు దినములు నీరు తప్పినచో అట్టి పచ్చిక ఎండిపోవును. యూరియా ఎక్కువ వేయుట, ప్రతి దినము పైపైన నీరు చల్లుట, కోత ఆలస్యము చేయుట ఈ జబ్బును పెంచును.

జబ్బును గుర్తించుట ఎట్లు?

గీకుటకు ముందు పరీక్ష చేయవలెను. జబ్బు లేని గడ్డిని గీకుట వృథా ప్రయాస.

పచ్చికలో ఒక చాకుతో నాలుగు అంగుళముల లోతున చిన్న ముక్కను కోసి పైకి తీయుడు. పైన పచ్చని ఆకు, అడుగున మన్ను, నడుమ గోధుమ రంగు చాప కనిపించును. ఆ చాపను కొలువుడు. ఒక సెంటీమీటరుకు మించినచో గీకవలెను. ముక్కను మరల అచ్చటనే పెట్టి త్రొక్కినచో అతుకుకొనును.

బీడు నేలకు వేరొక పరీక్ష. రెండు వైపుల మూతలు కోసివేసిన పాత నూనె డబ్బాను తీసుకొని, రెండంగుళముల లోతు నేలలోనికి దిగగొట్టుడు. అందులో రెండంగుళముల ఎత్తు నీరు పోసి, ఇంకుటకు ఎంత సేపు పట్టునో గడియారము చూచి వ్రాసుకొనుడు. ఇటువంటి డబ్బానే జీవాలు త్రొక్కని రేగు పొద క్రింద కూడ నాటి నీరు పోయుడు. రెండు చోట్లను నేల ఒకటే, వానయు ఒకటే. పొద క్రింద త్వరగా ఇంకి, బీడులో నిలిచిపోయినచో లోపము వానది కాదు, నేల పైపొరది అని తేలును.

ఎప్పుడు గీకవలెను?

ఈ వ్యాసములో రైతులు ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలసిన మాట ఒక్కటే. గీకుట గడ్డికి గాయము చేయుటయే. గాయము మాన్పుకొను బలము గడ్డికి ఉన్న కాలములోనే గీకవలెను.

ఈ వ్యాసకర్త ఉద్యోగములో చేరిన తొలి యేట ఈ మాట తెలియక ఒక తప్పు చేసినాడు. ఇంగ్లండులో పచ్చికలను శరదృతువులో గీకుదురని చదివి, ఒక ఆవరణలోని గరిక పచ్చికను నవంబరు నెలలో గీకించినాడు. వారము గడిచినను చిగురు రాలేదు. రాత్రి చలి హెచ్చిన కొలది గరిక నిద్రపోయినట్లు ఉండిపోయినది. సంక్రాంతి నాటికి ఆ ఖాళీలలో వయ్యారిభామ మొలచినది. మరుసటి జూన్ వరకు అది పచ్చికగా లేదు. ఆ పుస్తకములో తప్పేమియు లేదు. ఇంగ్లండు గడ్డి జాతులు చల్లని వాతావరణములో పెరుగునవి, వానికి ఎండాకాలము ముగిసిన తరువాత మరల చిగురు పట్టు సమయము వచ్చును. మన గరిక వేడిమిని, తేమను కోరు జాతి. దాని వేగము తొలకరితో మొదలగును. పుస్తకములోని నెలను గాక అందులోని సూత్రమును గ్రహింపవలసి యుండెను.

కనుక మన ప్రాంతములో మృగశిర కార్తెలో మంచి వాన పడి, నేల జానెడు లోతు తడిసి, గడ్డి చిగురు పెట్టుచున్నపుడు గీకుడు ప్రారంభింపవలెను. ఆరుద్ర, పునర్వసు కార్తెల వరకు చేయవచ్చును. నీటి వసతి ఉన్న పచ్చికలను జూలై నెలాఖరు వరకు గీకవచ్చును. ముద్దగా తడిసిన నేలలో చేయరాదు. పిడికెడు మన్ను నొక్కి వదలినపుడు ముద్ద పొడిపొడిగా విడిపోవలెను. వాన మొగము చాటేసిన బెట్టలో ఎట్టి పరిస్థితిలోను చేయరాదు.

బీడులో, కంచెలో గీకు పద్ధతి

బీడును దున్నరాదు. దున్నినచో ఉన్న గడ్డి కుదుళ్ళు పెళ్ళగిలి, వాలు నేలలో మన్ను కొట్టుకొనిపోవును. మనకు కావలసినది పైపెచ్చు చీలుట మాత్రమే. ఇనుప పళ్ళు గల గొర్రును పళ్ళకు పళ్ళకు మధ్య జానెడు ఎడము ఉండునట్లు, ఒకటిన్నర నుండి రెండంగుళముల లోతు మాత్రమే దిగునట్లు కట్టి తోలవలెను. ట్రాక్టరుతో చేయువారు కల్టివేటరును పైకి లేపి అంతే లోతు పోనీయవలెను. లోతు ఎక్కువైనచో అది దుక్కి అగును.

తోలుడు ఎల్లపుడును వాలుకు అడ్డముగా ఉండవలెను. వాలు వెంట తోలిన ప్రతి గీత ఒక చిన్న ఒర్రెగా మారును. మొత్తము నేలను ఒకే ఏట గీకవద్దు. ఒక గజము వెడల్పు గీకి, రెండు గజములు వదలి, మరల ఒక గజము గీకవలెను. వదలిన పట్టీలు కొట్టుకొనివచ్చు మన్నును ఆపును, గీకిన పట్టీలు నీటిని త్రాగును. రెండవ ఏట, మూడవ ఏట మిగిలిన పట్టీలను గీకినచో మూడేండ్లలో నేలంతయు ఒకసారి తిరిగి వచ్చును.

కుదుళ్ళుగా పెరుగు గడ్డి ఉన్నచోట కుదురుపై పళ్ళు పోనీయక కుదుళ్ళ నడుమనే గీకవలెను. గరిక ఉన్నచోట ఆ భయము లేదు. తెగిన ప్రతి గణుపు వేరు వేసి కొత్త మొక్క అగును. కాని ఈ గుణమే పొలములో శత్రువగును. గీకుటలో లేచిన గరిక కాడలను గెట్లపై పడవేసినచో ప్రక్క పొలములోనికి ప్రాకును. వానిని ఏరి పశువులకు వేయుట, లేదా ఎరువు గుంతలో వేడి పుట్టునట్లు లోపలి పొరలో కప్పుట మంచిది.

గీకిన చాళ్ళలో విత్తనము

గీకిన చాలు ఖాళీగా ఉంచినచో వయ్యారిభామ వంటి కలుపు దానిని ఆక్రమించును. కనుక ఆ దినమే మేలైన మేత విత్తనము వేయవలెను. చెల్క నేలలకు అంజన్ గడ్డి, స్టైలో హమాటా అనువైన జంట. స్టైలో పప్పుజాతి మొక్క. వేరు బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని గ్రహించును, జీవాలకు మాంసకృత్తులు గల మేతనిచ్చును, గడ్డికి కూడ కొంత బలము చేకూర్చును. గీకిన నేల లెక్కన ఎకరమునకు ఒక్కొక్కటి సుమారు రెండు కిలోలు చాలును.

నేలకు పెచ్చు ఉన్నట్లే స్టైలో గింజకును గట్టి పొట్టు కలదు. నీరు అందులోనికి దిగదు. నేలను గీకినట్లే గింజ పొట్టును కూడ మెత్తపరుపవలెను. మూడు పాళ్ళ మరిగిన నీటిలో ఒక పాలు చన్నీరు కలిపినచో సుమారు 80 డిగ్రీల వేడి ఉండును. ఆ నీటిలో గింజలను నాలుగు నిమిషములు ఉంచి, వెంటనే వడగట్టి, రాత్రంతయు చన్నీటిలో నానవేసి, మరునాడు ఉదయము నీడన ఆరనిచ్చి విత్తవలెను. నాలుగు నిమిషములకు మించినచో గింజ ఉడికి చచ్చును. మొత్తము విత్తనములో నాలుగవ వంతును వేడినీట ముంచక అట్లే కలుపుట మేలు. తొలి మొలకలు బెట్టకు చచ్చినను, ఆ గట్టి గింజలు తరువాతి వానలకు మొలచి లోటు తీర్చును.

అంజన్ గింజకు నూగు ఉండుటచే గాలికి ఎగురును. తడి ఇసుక కలిపి చల్లవలెను. ఏ గింజను గాని అర సెంటీమీటరు నుండి ఒక సెంటీమీటరు లోతుకు మించి పూడ్చరాదు. ఇందుకు యంత్రమక్కరలేదు. తుమ్మకంపను త్రాటితో కట్టి, పైన ఒక రాయి పెట్టి ఈడ్చినచో సన్నని మన్ను గింజపై కప్పుకొనును. గీకిన ఎకరమునకు ఒకటి రెండు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు చాళ్ళలో వేసినచో స్టైలో వేళ్ళు త్వరగా నిలదొక్కుకొనును.

మేత ఆపనిదే ఫలితము లేదు

ఇంతవరకు చెప్పిన పని సులభము. ఇక చెప్పబోవునది కష్టము. గీకి, విత్తిన నేలలోనికి ఆరు నుండి ఎనిమిది వారముల వరకు మందను పోనీయరాదు. వీలైనచో గడ్డి గింజ కట్టి రాలువరకు ఆపవలెను. మొలక మొదటి నాలుగాకులు వేయకముందే గొర్రె మేసినచో వేరుతో సహా ఊడి వచ్చును. గీకిన ఖర్చు, గింజ ఖర్చు రెండును పోవును.

ఒకరి సొంత కంచె అయినచో ఇది యజమాని నిర్ణయము. ఊరి బంచరాయి అయినచో ఒక్కని వలన కాదు. పది మందల వారు ఆపి, పదకొండవ వాడు తోలినచో పదిమంది కష్టము అతని జీవాల కడుపులోనికి పోవును. కనుక పని ప్రారంభించుటకు ముందే గొర్రెల కాపరుల సంఘము వారు కూర్చుండి, నేలను నాలుగు భాగములుగా గుర్తించి, ఈ ఏడు ఏ భాగము విడిచిపెట్టవలెనో నిర్ణయించుకొనవలెను. మూడు భాగములలో మేపి, ఒక భాగమునకు విశ్రాంతినిచ్చినచో ఏ మందయు పస్తు ఉండదు. కొమురవెల్లి మల్లన్న జాతర మొదలగు నాటికి బీడు గడ్డి ఎండుటకు వచ్చును. విశ్రాంతినిచ్చిన భాగము ఆ కొరత కాలములో నిలువ మేతగా అక్కరకు వచ్చును.

ఇంటి, బడి పచ్చికల విషయము

నీరు పెట్టి పెంచు పచ్చికకు గొర్రు పనికిరాదు. సన్నని ఇనుప పళ్ళు దగ్గర దగ్గరగా గల చేతి దంతె చాలును. అమ్మకమునకు పచ్చిక పెంచువారు దీనికై తయారైన యంత్రమును వాడవచ్చును. ముందు గడ్డిని మామూలు కంటె పొట్టిగా కోయవలెను. తరువాత పళ్ళు చాపను చీల్చి మంటిని తాకునట్లు, అర సెంటీమీటరు మాత్రమే దిగునట్లు ఒక దిక్కున గీకి, లేచిన చెత్త ఎత్తి, మరల అడ్డముగా గీకవలెను. చాప మందముగా ఉన్నచో అంతయు ఒకే ఏట తీయుటకు ప్రయత్నింపక రెండు మూడేండ్లలో తగ్గించుకొనవలెను.

ఒక గుంట, అనగా సుమారు నూరు చదరపు మీటర్ల పచ్చికకు, జల్లించిన చెరువు మన్ను, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమభాగములుగా కలిపి అర ఘనపు మీటరు తీసుకొని పలుచగా పరచినచో అర సెంటీమీటరు మందము వచ్చును. చివికిన ఎరువు, మన్ను తగిలిన చాప త్వరగా మురుగును. వారము తరువాత గుంటకు ఒక కిలో యూరియా వేసి వెంటనే నీరు కట్టవలెను. రెండు మూడు వారములు పచ్చిక వికారముగా కనిపించును. భయపడవలదు, అది చిగురు పట్టు కాలము. కొరియా గడ్డి మాత్రము గరిక వలె త్వరగా తేరుకొనదు. దానిని తేలికగా, ఒక్క దిక్కున మాత్రమే గీకవలెను.

చేయరాని పనులు

పాత గడ్డిని ఎండాకాలములో తగులబెట్టినచో కొత్త గడ్డి బాగుగా వచ్చునని కొందరి నమ్మకము. తగులబడిన నేల నున్నగా మిగులును. బూడిద గాలికి పోవును. తొలకరి చినుకు కప్పు లేని మంటిపై నేరుగా పడి పెచ్చు ఇంకను గట్టిపడును. మనము మాన్పదలచిన జబ్బునే మనము పెంచినట్లగును. అట్లే గుట్ట వాలులలో, ఇప్పటికే మన్ను కోతకు గురియైన చోట గీకరాదు. అచ్చట ముందు రాతి కట్టలు వేసి నీటి వేగమును తగ్గించుట అవసరము.

ముందు ఒక చెక్కలో చేసి చూడుడు

ఈ వ్యాసమును చదివి మొత్తము కంచెను గీకవద్దని మనవి. ఈ తొలకరిలో పది గుంటలు గీకి, ప్రక్కనే పది గుంటలు గీకక వదలి, రెంటిలోనికి మందను పోనీయక కాపాడుడు. సెప్టెంబరు నెలలో రెండు చెక్కలలోను మూడేసి చోట్ల ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గల చతురమును కొలిచి, గడ్డి కోసి తూచుడు. చతురములో వచ్చిన ప్రతి కిలో ఎకరమునకు సుమారు నాలుగు టన్నుల పచ్చిమేతతో సమానము. ఆనాడే నూనె డబ్బా పరీక్షను కూడ మరల చేయుడు. మీ త్రాసు, మీ గడియారము చెప్పిన మాటను నమ్మి, మరుసటి ఏడు ఎంత గీకవలెనో మీరే నిర్ణయించుకొనవచ్చును. సందేహములున్నవారు తోర్నాలలోని వ్యవసాయ పరిశోధన స్థానమువారిని గాని, తమ మండల వ్యవసాయాధికారిని గాని, పశువైద్యుని గాని సంప్రదింపవచ్చును.

పైరు నేలను కన్నబిడ్డ వలె చూచుకొను రైతు గడ్డి నేలకు ఏడాదిలో రెండు దినముల శ్రమ కేటాయించినచో, ఆ నేల తన మందకు ఎండాకాలపు మేతగా ఆ ఋణము తీర్చుకొనును.